ఎవరి కథ వాళ్ళకు చదివి

నేను రాసిన మొదటి కథను పదకొండుసార్లు చదివారని ఫోన్ చూపించింది. కథలు పెట్టుకునే ఆ యాప్‌లో ప్రతి కథ కిందా ఒక అంకె కనబడుతుంది. ఆ పదకొండులో ఏడుసార్లు తెరిచి చూసింది నేనే. మిగిలిన నాలుగూ మా ఆయన పుణ్యం కావచ్చని ఆశపడి అడిగితే, "నువ్వు కథ రాసినవా? ఎప్పుడు రాసినవే?" అని అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే నా మొహంలోకి చూశాడు.

అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. మాది గోదావరిఖని. బొగ్గుగనిని మేము బాయి అంటాం. మా నాన్న ఏళ్ళ తరబడి బాయిలో దిగి, ఊపిరితిత్తులు పాడై, ఇక పని చెయ్యలేడని డాక్టర్లు తేల్చాక ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. నన్ను పైన ల్యాంప్ రూంలో వేశారు. లోపలికి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే బత్తి ఒకటి ఉంటుంది. ఛార్జింగులో ఉన్న ఆ బత్తిని తీసి అతనికి ఇవ్వాలి, అతని ఇత్తడి బిళ్ళ తీసుకుని దాని చోట తగిలించాలి. షిఫ్టు అయ్యాక బత్తి తీసుకుని బిళ్ళ తిరిగివ్వాలి. బిళ్ళ ఇంకా వేలాడుతూ ఉంటే ఆ మనిషి ఇంకా పైకి రాలేదని అర్థం.

ఏడు దాటేసరికి ఫస్టు షిఫ్టు వాళ్ళంతా లోపలికి వెళ్ళిపోతారు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా బత్తులు తుడవడం, వెలుగు తగ్గినవి వేరు చెయ్యడం, రిజిస్టరు రాయడం. పని ఉంటుంది, కానీ అది చేతులకే. ఖాళీగా ఉన్న మనసులోకి మనుషులు రావడం మొదలుపెట్టారు. వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళు, అలిగేవాళ్ళు, వానలో తడిసేవాళ్ళు. ఇంటికి వచ్చి, నల్లా నీళ్ళు వచ్చేలోపు వంటగట్టు దగ్గర నిలబడి వాళ్ళ మాటలు కాగితం మీద పెట్టేదాన్ని. కూర్చుంటే ఎవరైనా ఏం రాస్తున్నావని అడుగుతారని భయం. నిలబడి రాస్తే సామాన్ల చిట్టీ అనుకుంటారు.

ఆ కాగితాలు స్కూటీ డిక్కీలో దాచేదాన్ని. ఇంట్లో పెడితే పిల్లలు చూస్తారు కదా. అలా నా రెండో కథ, మూడో కథ, మొదలుపెట్టి వదిలేసిన నాలుగో కథ అన్నీ వానకోటు కింద పడి ఉండేవి.

ఒక రోజు డ్యూటీ నుంచి వస్తుంటే చౌరస్తా దగ్గర స్కూటీ ఆగిపోయింది. అక్కడే ఉన్న మెకానిక్ అన్న షెడ్డులో వదిలి ఇంటికి నడిచాను. ఆయన మా నాన్న కాలం నుంచీ మా బండ్లు బాగుచేస్తున్నవాడు. యాభై దాటినవాడు, తెల్లగడ్డం, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, మాట తక్కువ. మర్నాడు బండి కోసం వెళితే, తాళంచెవి ఇవ్వకుండా ముందు నా కాగితాలు చేతిలో పెట్టాడు. అంచుల మీద ఎక్కడా ఒక్క నూనె మరక లేదు.

"చేతులు సబ్బువెట్టి కడుక్కొని సదివిన చెల్లె," అన్నాడు. "రెంచి కోసం డిక్కీ తెరిస్తే కనవడ్డయి. అడగకుంట సదివిన, మాఫ్ చెయ్యి."

నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. "ఏదో పిచ్చిరాతలన్నా," అన్నాను.

"పిచ్చిరాతలైతె రెండోసారి ఎందుకు సదువుత?" అని ఆయన పనిముట్ల పెట్టె తెరిచాడు. స్పానర్ల కింద, పాలిథిన్ కవరులో చుట్టిన ఒక నోట్‌బుక్ తీశాడు. పొందికైన తెలుగు అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఆయన ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. కానీ చదివింది ప్రభుత్వ బడిలో తెలుగు. అందుకే రాత తెలుగులో వచ్చింది. "మా బేగంకు తెలుగు సదువ రాదు. పిల్లలు ఇంగ్లీషు మీడియం. నేను రాసింది నా ఇంట్ల సదివెటోళ్ళే లేరు. రాసినంక బేగంకు మా మాటల జెప్త. ఆమె తలకాయ ఊపుతది. మంచిగున్నదా లేదా తెలువది," అని నవ్వాడు. తర్వాత తాళంచెవి ఇస్తూ, "ఐతారం పొద్దుగాల పదింటికి ఈడికి రా. మేం ముగ్గురం ఉంటం," అన్నాడు.

ఆ ముగ్గురిలో ఆయన ఒకడు. రెండో ఆమె నస్పూరు నుంచి బస్సులో గోదావరి దాటి వచ్చే రిటైరైన తెలుగు టీచరు. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, చేతిసంచిలో ఎప్పుడూ మరమరాలు, ఎర్ర పెన్ను. మూడో అతను ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడిపే కుర్రవాడు, కవితలు రాసేవాడు. నన్ను మొదటి రోజే అక్కా అన్నాడు, కాబట్టి నాకు తమ్ముడయ్యాడు. ఆదివారం షెడ్డు షట్టర్ సగం దించి, పాత కారు సీటు మీద ఇద్దరు, టైర్ల మీద ఇద్దరు కూర్చునేవాళ్ళం. అక్కడ ఒకటే కట్టుబాటు. చదివినవాళ్ళు తమ రచన గురించి సంజాయిషీ చెప్పుకోకూడదు, విన్నవాళ్ళు చెప్పేది వినాలి.

మొదటి ఆదివారం నేను చదివిన కథలో హైదరాబాదు అమ్మాయి ఒకతి ఉంది. ఇరవయ్యో అంతస్తులో ఉంటుంది, లిఫ్టులో ఒక అబ్బాయి పరిచయమవుతాడు, ఇద్దరూ కాఫీ తాగుతారు, విడిపోతారు. అయిపోయాక టీచరమ్మ మరమరాలు నములుతూ అడిగింది.

"లిఫ్టు ఎన్నిసార్లు ఎక్కినవమ్మా నువ్వు?"

"రెండుసార్లు మేడం. కరీంనగర్ల, దవాఖానల."

"మరి లిఫ్టుల ఏం వాసన వచ్చింది?"

నేను ఆలోచించాను. ఫినాయిల్ వాసన. పక్కన స్ట్రెచర్ మీద ఒక ముసలాయన. ఆయన చెయ్యి స్ట్రెచర్ అంచు దాటి వేలాడుతుంటే, దాన్ని ఎవరు లోపలికి తీసి పెడతారా అని నేను చూస్తూ ఉండిపోయాను. ఈ సంగతి ఆమెకు చెప్పాను.

"గది ఏది నీ కథల?" అంది ఆమె. అంతే. ఎర్ర పెన్ను తియ్యనైనా తియ్యలేదు.

మెకానిక్ అన్న మాత్రం నన్ను సముదాయిస్తూ, "భాష మంచిగున్నది చెల్లె. మనుషులే ఇస్త్రీ చేసిన బట్టల లెక్కున్నరు," అన్నాడు. అది సముదాయించడమని ఆయన అనుకున్నాడు. నేను మూడు ఆదివారాలు అటు వెళ్ళలేదు. ఇంట్లో బట్టలు ఉతుకుతూ, ఆమెకు కథల గురించి ఏం తెలుసు, బడిలో పిల్లలకు సంధులు చెప్పుకునే మనిషి అని లోపల లోపలే తిట్టుకున్నాను. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయన బట్టలు తెల్ల దుమ్ము, నా బట్టలు నల్ల దుమ్ము. రెంటినీ కలిపి నానబెట్టకూడదని తెలిసి కూడా ఆ కోపంలో కలిపేశాను.

నాలుగో వారంలో ఒక పొద్దున ల్యాంప్ రూంలో ఉన్నట్టుండి ఒక సంగతి నాకు పట్టుబడింది. మా కిటికీ చాలా కిందికి ఉంటుంది. నేను కూర్చునే చోటు నుంచి చూస్తే అవతలి మనిషి మొహం కనపడదు, చేతులే కనబడతాయి. ఎన్నో ఏళ్ళుగా నేను చేతులతోనే మనుషుల్ని గుర్తుపడుతున్నాను. ఈ మాట ఎవరికైనా చెప్పాలని కూడా నాకు ఎన్నడూ తోచలేదు. గోళ్ళకు పసుపు అంటినవాళ్ళు ఇంట్లో శుభకార్యం అయినవాళ్ళు. మణికట్టుకు కొత్త దారం ఉంటే జాతరకు వెళ్ళొచ్చారు. బజారులో ఎదురుపడి పలకరించినవాళ్ళ మొహం గుర్తురాక నేను ముందు వాళ్ళ చేతులు చూస్తాను.

ఆ చేతుల్లో ఒకటి అందరికంటే ముందు వచ్చేది. కుడిచేతి బొటనవేలికి పై కణుపు లేదు. బత్తి అందుకోగానే ఆ చెయ్యి దాన్ని మెల్లగా రెండుసార్లు తట్టేది. "పోయొద్దాం పా," అనేది ఒక బొంగురు గొంతు. నాతో కాదు, బత్తితో. ఆయన సపోర్ట్‌మన్, అంటే బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టేవాడు. రిటైరు కావడానికి కొద్ది కాలమే ఉంది. అందరూ కాకా అంటారు, నేనూ కాకా అనే అంటాను.

షిఫ్టుకు అంత ముందుగా ఎందుకు వస్తాడని ఒకసారి మా ల్యాంప్ రూంలో పనిచేసే పెద్దాయనను అడిగాను. "ఇంట్ల ఉండి ఏం జేస్తడు బిడ్డా? ఆయన పెండ్లాం మాట్లాడది. పదకొండేండ్లాయె. వండి పెడ్తది, ఉతికి పెడ్తది, నోరు మాత్రం తెరవది," అన్నాడాయన.

ఆ రోజు ఇంటికి వచ్చి కూర్చుని రాశాను. ఎవరైనా చూస్తారన్న ఫికరు కూడా లేకపోయింది. ఇంట్లో మాటలు లేని మనిషి, బత్తితో మాట్లాడే మనిషి. లోపల దాని వెలుగులో అతను ఇంటికి చెప్పాల్సినవన్నీ దానికి చెబుతాడు. వారం రోజుల్లో అయిపోయింది.

ఆదివారం షెడ్డులో చదివాను. చివరికి వచ్చేసరికి మెకానిక్ అన్న కళ్ళద్దాలు తీసి అంగీ అంచుతో తుడుచుకుంటున్నాడు. టీచరమ్మ మరమరాల పొట్లం నా చేతిలో పెట్టింది. ఆమె ఎవరికైనా పొట్లం మొత్తం ఇవ్వడం అదే మొదటిసారని తమ్ముడు తర్వాత చెప్పాడు. అతనైతే, "అక్కా, ఒక్క ఫోటో తీసుకుంట, ఇంటికాడ మల్ల సదువుత," అని పేజీలన్నీ ఫోన్లో ఫోటోలు తీసుకున్నాడు. నాకు ఎంత సంతోషం అంటే, తిరిగి వస్తూ పెట్రోలు పోయించుకోవడం మరిచి బండిని ఇంటిదాకా తోసుకుంటూ వచ్చాను.

తమ్ముడు ఆ ఫోటోలను తన దోస్తుల గ్రూపులో పెట్టాడు. మనసులో చెడు లేదు. మా అక్క ఎంత బాగా రాసిందో చూడండి అని పెట్టాడు. అక్కడి నుంచి ఇంకో గ్రూపుకు, అక్కడి నుంచి మా బాయి వాళ్ళ గ్రూపుకు. నేను కథలో పేరు రాయలేదు. కానీ బొటనవేలు రాశాను కదా.

బుధవారం పొద్దున కిటికీ అవతల నవ్వులు వినిపించాయి. "కాకా, నువ్వు కథలకెక్కినవట!" అన్నారెవరో. "కాకా, ఇయ్యాల బత్తికి ఏం ముచ్చట జెప్తవు?" అన్నాడు ఇంకొకడు. ఆ చెయ్యి కిటికీలోకి వచ్చింది. బత్తి తీసుకుంది. తట్టలేదు. మాట లేదు.

మర్నాటి నుంచి కాక అందరికంటే ఆఖరున రావడం మొదలుపెట్టాడు. ఒకసారి నేనే కిటికీలోంచి వంగి, "కాకా..." అన్నాను. ఆయన అప్పటికే నాలుగడుగులు వేశాడు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఆ మనిషికి రోజు మొత్తంలో ఉన్నది ఆ ఒక్క మాట. అది నా కథకు పనికొచ్చిందని తీసుకున్నాను, ఆయనకు లేకుండా చేశాను.

ఆదివారం షెడ్డుకు వెళ్ళి, ఇక రాయనని చెప్పాను. తమ్ముడు నేల చూపులు చూస్తూ, "తప్పు నాది అక్కా. నేను వోయి కాక కాళ్ళు మొక్కుత," అన్నాడు.

"ఎవ్వలు వోయినా అది ఈమె పోయినట్టు కాదు," అంది టీచరమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "ఆయనకు ఆ కథ సదివి వినిపించినవా?" అని అడిగింది.

"లేదు మేడం. ఎట్ల వినిపిస్త?"

"ఊరందరు సదివిండ్రు. ఆయన మాత్రం నలుగురు నవ్వుతుంటె విన్నడు. ముందుగాల పోయి సదువు. రాసుడు బందువెట్టుడు సంగతి తర్వాత జూద్దాం."

మెకానిక్ అన్న నా బండి కీసుమంటున్న బ్రేకు సరిచేసి ఇచ్చాడు. అది ఆయన ధైర్యం చెప్పే పద్ధతి.

ఆ సాయంత్రమే మా ఆయన నన్ను కాక వాళ్ళ క్వార్టర్ల లైను దాకా తీసుకొచ్చి, "నేను గా టీకొట్టు కాడ ఉంట. నువ్వు పోయి రా," అని ఆగిపోయాడు. కాక గుమ్మం ముందు లుంగీ కట్టుకుని కూర్చుని మంచం నవారు బిగిస్తున్నాడు. మొహం చూడటం దాదాపు అదే మొదటిసారి. ఆ బొంగురు గొంతుకు నేను ఊహించుకున్న మొహం కాదు. చిన్న మొహం, చెంపకు సొట్ట. నన్ను చూసి నవారు చేతిలో పట్టుకుని లేచాడు. ఆయన భార్య, నాకు చిన్నమ్మ వరస, లోపల చాటలో బియ్యం చెరుగుతోంది.

"ఎవలు?" అంది ఆమె నన్ను.

"ల్యాంప్ రూంల చేస్త చిన్నమ్మా. నేనే... ఆ కథ రాసింది నేనే."

చాట ఆగింది. నన్ను వెళ్ళిపొమ్మంటుందనుకున్నాను. "లోపటికి రా," అంది. "గదేందో ఇనకుంటనే పదిమంది అడిగిండ్రు నన్ను. సదువు."

కాక గుమ్మంలో, చిన్నమ్మ గోడకు ఆనుకుని, నేను మధ్యలో పీట మీద. చదవడం మొదలుపెట్టాను. షెడ్డులో చదివినప్పుడు అందంగా అనిపించిన వాక్యాలు అక్కడ ఒక్కొక్కటే నాలుకకు అడ్డుపడ్డాయి. రెండో పేజీలో పైకప్పు కూలబోయే ముందు ఉరుము ఉరిమినట్టు ఉంటుందని రాశాను. అక్కడ కాక చెయ్యి ఎత్తాడు.

"ఉరుము కాదు బిడ్డా. ఉరిమిందంటె అప్పటికే అయిపోయినట్టు. ముందుగాల సన్నగ చిటచిట అంటది. పల్లీలు యేంచినట్టు. గా సప్పుడు వినుడే మా పని."

నేను పెన్ను తీసి పక్కన రాసుకున్నాను. ఆయన ఇంకొంచెం ముందుకు జరిగాడు.

"ఇంకోటి. లోపట సల్లగుంటదని రాసినవు. గాలి ఆడని కాడ అంగీ పిండుకుంటం మేము."

అదీ రాసుకున్నాను. ఇంట్లో మాటలు లేని సంగతి వచ్చినప్పుడు తల దించుకుని నవారు కొసను వేలికి చుట్టుకుంటూ ఉన్నాడు. కథ అయిపోయింది. బయట ఎవరో సైకిలు స్టాండు వేశారు.

"పదకొండేండ్లని ఎవలు చెప్పిండ్రు నీకు?" అంది చిన్నమ్మ. "తొమ్మిదే."

"తప్పయింది చిన్నమ్మా. మారుస్త."

"నేను మాట్లాడ్తలేనని రాసినవు. ఎందుకు మాట్లాడ్తలేనో అడిగినవా? ఎవ్వలన్న అడిగిండ్రా నన్ను?"

"లేదు చిన్నమ్మా. ఇప్పుడు అడుగుతున్న."

ఆమె చాట పక్కన పెట్టింది. దిమ్మె జారి వేలు పోయినప్పుడు, దవాఖానలో డాక్టరు ఆయనకు బాయి పైన పని రాసిస్తానన్నాడట. ఇక లోపలికి దిగక్కర్లేదు. ఆ మాట విని ఆమె ఇంటికి వచ్చి కొబ్బరికాయ కొట్టింది. మూడు నెలల తర్వాత వేరే ఇంటామె వచ్చి, మీ ఆయన పైన పని వద్దని చెప్పి మళ్ళీ లోపలికే దిగుతున్నాడట కదా అంది. అప్పటికి దిగి వారమైంది.

"నాకు జెప్పలే. పరాయామె చెప్తె తెలిసింది నాకు," అంది. "చెప్పు ఆయనకు. గంత పెద్ద సంగతి చెప్పని మనిషికి, ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అని నేనెందుకు అడగాలె? ఆయనకు నోరు అక్కెర లేనప్పుడు నా నోరు మాత్రం ఎందుకు?"

ఆయన మూడడుగుల దూరంలోనే ఉన్నాడు. అయినా నేను ఆయన వైపు తిరిగాను.

"మా జోడీ ఒక్కడైతడని," అన్నాడు కాక నాతో. "ఇద్దరం కలిసే దిమ్మెలు వెడ్తం. ఇరవయ్యేండ్ల సంది. నేను పైకొస్తె ఆయనకు కొత్తోన్ని ఇస్తరు. కొత్తోనికి గా చిటచిట వినరాదు. చెప్పు బిడ్డా, ఆమెకు చెప్తె ఏడుస్తదని చెప్పలే."

"ఏడిస్తె ఏడుద్దును," అంది ఆమె నాతో. "ఏడ్సి, పో అందును. గా జోడీ పెండ్లాం నాకు అక్క లెక్క. నేను కాదందునా? అడుగు."

అలా ఒక గంటసేపు నేను వాళ్ళ మధ్య కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు అందించాను. నిజానికి అందించాల్సిన పనేమీ లేదు. నేను నోరు తెరిచేలోపే అవతలివాళ్ళు జవాబు చెప్పేస్తున్నారు, నా మొహంలోకి చూస్తూ. మధ్యలో చాయ్ కూడా వచ్చింది. "అడుగు, చక్కెర ఎయ్యాల్నా?" "ఎయ్యమను. గీ ఒక్కపూటకు ఎయ్యమను." మాట బందయ్యాక కూడా, మధ్యాహ్నం షిఫ్టు దిగే వేళకు ఆ లైను చివర ఆయన చెప్పుల చప్పుడు వినబడేదాకా తను తినేది కాదని ఆమె నాతో చెప్పింది. ఆ సంగతి అప్పటిదాకా కాకకు తెలియదు. తెలియదని ఆయన మొహం చూస్తే నాకు తెలిసింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అప్పుడు చెప్దామనే అనుకున్న బిడ్డా. బతుకమ్మ పండుగైనంక మెల్లగ చెప్దామనుకున్న. గంతల్నే గామె వచ్చి చెప్పింది. సద్దుల బతుకమ్మ అయిన తెల్లారి..."

"తెల్లారి కాదు, పండుగ మొదలైన ఎంగిలిపూల నాడు!" అంది చిన్నమ్మ. "గునుగుపూలకు రంగులద్దుతున్న నేను. చేతులు రెండు గులాబిరంగుల ఉన్నయి. నీకేం యాదికుంటది!"

ఆమె నాతో అనలేదు ఆ మాట. ఆయనతో అంది, ఆయన కళ్ళలోకి చూస్తూ. అన్నానని ఆమెకు కూడా ఒక క్షణం తర్వాతే తెలిసింది. కొంగుతో మూతి తుడుచుకుని, పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి చూసొస్తానని వంటింట్లోకి వెళ్ళింది.

కాక నవారు కొస వదిలేశాడు. "ఎంగిలిపూల నాడే," అన్నాడు వంటింటి వైపు చూస్తూ. "ఔ. నువ్వన్నదే నిజం."

నేను కాగితాలు తీసుకుని లేచాను. కథ ఎక్కడికీ పంపనని, చింపేస్తానని చెప్పాను. "ఎందుకు చింపుతవు?" అన్నాడు కాక. "నవ్వెటోళ్ళు నవ్విండ్రు. గా పల్లీల సప్పుడు మాత్రం మార్చు. మా జోడీ వింటె నన్ను తిడ్తడు." బొటనవేలు తీసేస్తానంటే ఒప్పుకోలేదు. వంటింట్లోంచి, "తొమ్మిదేండ్లు!" అని వినిపించింది.

టీకొట్టు దగ్గర మా ఆయన నాలుగో చాయ్ మీద ఉన్నాడు. "తిట్టిండ్రా?" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. తిట్టారనుకుని ఆయన బండి స్టార్టు చెయ్యబోతుంటే, కాదని చెప్పి అక్కడే బెంచీ మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను.

సోమవారం ఫస్టు షిఫ్టుకు కాక పాత వేళకే వచ్చాడు. బత్తిని తట్టలేదు. కిటికీలోకి వంగి, మొహం చూపించి, "మార్చినవా?" అన్నాడు. ఇంకా లేదన్నాను. "జల్ది గానియ్యి," అని వెళ్ళాడు.

ఆ కథను నేను అయిదుసార్లు తిరగరాశాను. మొదటి రూపంలో కాక ఒంటరివాడు, జాలి పడాల్సినవాడు. అయిదోదానికి వచ్చేసరికి కథ సగం వంటింట్లో జరిగింది. చెప్పుల చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడ్డ మనిషి అందులోకి వచ్చింది. టీచరమ్మ ఈసారి ఎర్ర పెన్ను తీసింది, పేజీ పేజీకి గీతలు గీసింది. అవి చూస్తే నాకు గర్వంగా అనిపించింది. ఒక పత్రికకు పంపితే జవాబే రాలేదు. రెండోదానికి పంపితే తిరిగి పంపారు. మూడోచోట వేశారు, చివరి పేరా కోసేసి. కోసేశాక బాగుందని మెకానిక్ అన్న అన్నాడు. వాళ్ళ బేగంకు దక్కనీలో ఆయన ఆ కథ చెబితే, ఆమె తల ఊపకుండా, ఆ చిన్నమ్మ ఇల్లు ఎక్కడ, నేను వెళ్ళి కలవాలి అందట.

పోయిన ఎండాకాలంలో కాక రిటైరయ్యాడు. మా షెడ్డులో ఇప్పుడు ఆదివారం పొద్దున ఏడెనిమిది మందిమి అవుతున్నాం. తమ్ముడు ఎవరి రచన ఫోటో తియ్యాలన్నా చెయ్యి ఎత్తి అడుగుతాడు. చిన్నమ్మ అప్పుడప్పుడు వస్తుంది. రాయడం రాదు, కానీ విన్నదాన్ని నమ్మకపోతే వెంటనే, "గట్లెవలు మాట్లాడ్తరు?" అంటుంది. అది విన్నాక మేము ఇంటికి వెళ్ళి ఆ మాటలు మారుస్తాం.

ఎవరి గురించి రాసినా వాళ్ళకే ముందు చదివి వినిపించడం నాకు అలవాటయింది. కొందరు సరే అన్నారు. ఇద్దరు వద్దన్నారు, ఆ రెండూ బీరువాలో ఉన్నాయి. ఈ మధ్య మా ఆయన మీద ఒకటి రాశాను. పెళ్ళైన కొత్తలో నాకు జ్వరమొస్తే, వంట రాని మనిషి, ఫ్యాక్టరీ నుంచి ఆ సిమెంటు బట్టలతోనే వచ్చి నాకు జావ కాచిన సంగతి. వాన వల్ల ఎటూ పోలేని ఒక మధ్యాహ్నం ఆయనను కూర్చోబెట్టి చదివాను. అడ్డుపడకుండా విన్నాడు.

"ఇది ఎవ్వలకు పంపకు," అన్నాడు. "ఇది మనిద్దరి మధ్యన ఉండనియ్యి."

సరే అని కాగితాలు మడిచాను.

"ఎందుకు మడుస్తున్నవు?" అన్నాడు ఆయన, గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంటూ. "ఇంకోపారి సదువు. జావ కాడికెల్లి."